నాగమణమ్మ ఆర్పిన పొయ్యి

పొయ్యి ఆర్పిన చెయ్యి నాగమణమ్మదే. గౌలిపురలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు, అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఎప్పుడు ఆర్పింది, ఎందుకు ఆర్పింది అని అడిగి చూడండి, ఒక్కొక్కరు ఒక్కో కథ అల్లుతారు. లోకం నోటికి మూకుడు పెట్టలేం కదా! అందుకే జరిగింది జరిగినట్టు చెప్పుకోవడం మంచిది.

నాగమణమ్మ పాల గుండయ్య భార్య. తాతల నాడు బర్రెలు ఇంటి వెనకే ఉండేవి. పట్నం పెరిగి, బర్రెలను చాంద్రాయణగుట్ట అవతలికి తోలేయాల్సి వచ్చాక, పాలు మాత్రం పొద్దున్నే క్యాన్లలో ఇంటికి వచ్చేవి. అవి కాగేది నాగమణమ్మ పొయ్యి మీద. గల్లీ మొగన ఉన్న దుకాణంలో గుండయ్యా, అతని తమ్ముడు బాలనర్సింహా కూర్చుని అమ్మే పెరుగు ఆ పొయ్యి మీద కాగిన పాలదే. పెరుగు రుచికి పేరొచ్చింది అన్నదమ్ములకు. పొగ వచ్చింది నాగమణమ్మకు.

ఆ వంటిల్లు చూస్తే ఎవరికైనా దగ్గు వచ్చేది. కింద అరిగి గుంటలు పడ్డ షాబాదు బండలు, పైన మసి పట్టి నల్లబడ్డ దూలాలు, మూలన మూడు నోళ్ల మట్టి పొయ్యి. ఆ పొయ్యి పెట్టింది ఆమె అత్త. రాత్రి పూట నిప్పు మీద బూడిద కప్పడం, తెల్లవారి ఆ బూడిద తీసి పిడక ముక్క వేసి ఊదడం, ఇదే పద్ధతి. అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అత్త వెలిగించిన నిప్పే అలా నడుస్తూ వచ్చింది.

వాళ్ల కులంలో ఒక కట్టుబాటు ఉంది. అన్నదమ్ములు వేరుపడాలంటే దుకాణం పంచుకోవచ్చు, బర్రెలు పంచుకోవచ్చు, మగవాళ్లు నలుగురు కూర్చుంటే తెగిపోతుంది. పొయ్యి మాత్రం మగవాళ్ల చేతిలో లేదు. ఇంటి పెద్ద కోడలు తన చేత్తో పాలు చిలకరించి నిప్పు ఆర్పి, మొదటి మట్టిపెళ్ల తానే పెకలించి తీయాలి. ఆమె తీయనంత కాలం ఎవరు వేరే పొయ్యి పెట్టుకున్నా అది దొంగపొయ్యే. కులపెద్దలు అక్కడ మెతుకు ముట్టరు. మాటకు విలువ లేని ఆడవాళ్లకు ఈ ఒక్కచోట ఎందుకు విలువ ఇచ్చారో ఏమో గానీ, ఇచ్చారు.

అత్త పోయేముందు నాగమణమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే. "పొయ్యి రెండు కానియ్యకు బిడ్డా. చిన్నోడు పసోడు." ఆ చిన్నోడే బాలనర్సింహ. నాగమణమ్మ కాపురానికి వచ్చేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. ఆమె కడుపు ఎటూ పండలేదు. వాడి ముక్కు తుడిచింది, వాడికి అమ్మవారు పోస్తే పక్కన కూర్చుని వేపాకు విసిరింది, వాడు పదో తరగతి తప్పితే గుండయ్య బెల్టుకు అడ్డం పడి వీపు వాయించుకుంది. పెళ్లై మీసాలు మెలేసే వయసొచ్చినా ఆమెకు వాడు "చిన్నా"యే. గల్లీలో ఎవరింట్లో అన్నదమ్ములు కొట్టుకున్నా ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని, "మా ఇంట్ల పొయ్యి ఒక్కటే, మంచాలు ఎన్నున్నా గిన్నె ఒక్కటే" అనేది. అంత గర్వం పనికిరాదు. కానీ ఆవిడకు ఉన్న ఆస్తి అదొక్కటే.

తొంభై ఎనిమిదిలో, దసరా వెళ్లాక, బాలనర్సింహ వంటింటి గడప మీద కూర్చుని మాట తీశాడు.

"వదినె, నీ కండ్లు జూస్కున్నవా? ఎర్రగ నిప్పులెక్కున్నయ్. గీ పొగల ఇంకెన్నొద్దులు చస్తవ్? వంటిల్లు కొత్తగ కట్టిద్దాం. గోడలకు టైల్స్, నల్లరాయి గట్టు, గ్యాసు పొయ్యి. మస్తుగుంటది."

నాగమణమ్మ గరిటె ఆపింది. నిజానికి కళ్లు ఏడాదిగా నీళ్లు కారుతున్నాయి. డాక్టరు పొగ మానేయమన్నాడు. మానేస్తే ఇంటిల్లిపాదికీ ఎవరు వండాలి అని ఆమె నవ్వేసింది. ఆ సంగతి గుండయ్యకు గుర్తు లేదు. వీడికి గుర్తుంది! ఆమె గుండె పొంగిపోయింది, ఇంకేం కావాలి?

"పొయ్యి తియ్యాలె గద చిన్నా," అంది నెమ్మదిగా.

"తియ్యాలె. నువ్వే తియ్యాలె. నీ చెయ్యి పడకుంట మేము ముడ్తమా? గది అమ్మ పెట్టిన పొయ్యి."

ఆ మాటకు నాగమణమ్మ కరిగిపోయింది. చూశారా, కట్టుబాటు తెలిసిన పిల్లాడు! కులంలో వేరుపడటానికి పొయ్యి తీసినట్టే, ఇల్లు బాగుచేసుకోవడానికి తీసేదీ ఉంది. అప్పుడైతే నిప్పు ఆర్పరు. కుంపట్లోకి ఎత్తి ఉంచి, పని అయ్యాక కొత్త పొయ్యి దానితోనే అంటిస్తారు. తేడా అంతా ఆ నిప్పులోనే ఉంది. వాడు అడిగింది బాగుచేయడానికే కదా అనుకుంది. అనుమానించడానికి ఆమెకు అడ్డు పడింది ఆ పిల్లాడి మీది ప్రేమ.

బాలనర్సింహ భార్య కీర్తిప్రియ కూడా అప్పుడే స్కూలు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ప్రైవేటు బడిలో టీచరు. పెళ్లై రెండేళ్లైంది. మెత్తని మాట, తల వంచిన నడక. "అవునక్కా, మీరు ఎంత కష్టపడుతున్నరో నేను రోజు చూస్త లేనా? ఇగ చాలు," అంది. నాగమణమ్మ ఆ పిల్లను దగ్గరికి లాక్కుని నుదుటి చెమట తుడిచింది. తెల్లనివన్నీ పాలని నమ్మడం పాలవాళ్ల ఇంట్లో కూడా జరుగుతుంది మరి.

టైల్స్ కొనడానికి బాలనర్సింహ ఆమెను బండి మీద ఎక్కించుకుని నయాపూల్ దగ్గరి దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణదారు గోడకు ఆనించిన టైల్స్ ఒక్కొక్కటే తీసి చూపిస్తూ, "దేఖో అమ్మా, ఎక్‌దమ్ నయా మాల్, మసి గిసి ఏం పట్టదు, గుడ్డ పెడితే సాఫ్," అన్నాడు. నాగమణమ్మ టైల్ మీద అరచెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. జీవితంలో మొదటిసారి ఎవరో ఆమెను నీకేది నచ్చింది అని అడిగారు. ఆమె తెల్లవాటిని, మధ్యమధ్యలో పసుపు కూజా బొమ్మ ఉన్నవాటిని ఏరింది.

"గివి ఒక దిక్కుకు. ఇంకో దిక్కుకు ద్రాక్షగుత్తులవి తీస్కుందాం," అన్నాడు బాలనర్సింహ.

"ఒక్క ఇంట్ల రెండు తీర్లెందుకు చిన్నా?"

"గట్టు రెండు కడ్తున్నం గద వదినె. తీరు తీరుగుంటే బాగుంటది. కీర్తికి ద్రాక్షలు ఇష్టం."

రెండు గట్లు! ఆ మాట విని నాగమణమ్మ పొంగిపోయింది. బయటివాళ్లకు ఇది అర్థం కాదు. పాలు కాగే పొయ్యి మీద మాంసం ఉడకకూడదు, చేపలు వేగకూడదు, మైల తగిలితే పాలు విరుగుతాయని పాలవాళ్ల నమ్మకం. ఆదివారం కూర వండాలంటే ఆమె పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని, వానలో గొడుగు పట్టుకుని కూర్చునేది. రెండు గట్లంటే ఒకటి పాలకు, ఒకటి వంటకు. ఎన్నాళ్ల కోరిక అది! నోరు తెరిచి ఎవరినీ అడగలేదే, ఈ పిల్లాడు ఎలా కనిపెట్టాడు? ఇంటికొచ్చి గల్లీలో ఆడవాళ్లందరినీ పిలిచి చెప్పింది. "పాలకొకటి, కూరకొకటి. మా చిన్నోడు తల్లి మనసు తెల్సినోడు." విన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు ముఖాలు చూసుకున్నారు. వాళ్లకు తెలుసు. ఊరందరికీ తెలిసిన సంగతి ఇంటావిడకే తెలియదు.

ఆ టైల్స్ కొని తిరిగి వచ్చేటప్పుడే పత్తర్‌గట్టిలో ఆమెకొక చీర కూడా కొన్నాడు. ఆకుపచ్చది, ఎర్రంచు. "పాలు పొంగించే నాడు కట్టుకో వదినె." దుకాణం మెట్లు దిగుతూ ఆమె ఆ పొట్లాన్ని ఒళ్లో బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

పొయ్యి తీసిన రోజు శుక్రవారం. నాగమణమ్మ తలస్నానం చేసి, పొయ్యికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పాలు చిలకరించింది. అంతకు ముందే ఒక్క గరిటెడు నిప్పులు మట్టి కుంపట్లోకి ఎత్తి, బూడిద కప్పి, పెరట్లో రేకుల కింద పెట్టింది. తర్వాత గడ్డపారతో మొదటి పెళ్ల పెకలించింది. అత్త చేతి మట్టి అది, తేలిగ్గా రాలేదు. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే బాలనర్సింహ వచ్చి పాదాలు పట్టుకుని మొక్కాడు. గుండయ్య మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, ఎందుకో ముఖం తిప్పుకుని, దుకాణం టైమైందని వెళ్లిపోయాడు. మనిషి గుండె కూడా కరిగిందేమో అనుకుంది ఆ పిచ్చితల్లి.

మేస్త్రీ గౌస్ భాయ్ పని మొదలుపెట్టాడు. బండలు లేచాయి, మసి గోడలు గీకారు, ఇసుకా సిమెంటూ ఇల్లంతా. ఆ రోజులన్నీ నాగమణమ్మ పెరట్లో కుంపటి మీదే వండింది, పాలు దుకాణం వెనక అద్దె పొయ్యి మీద కాచింది. పడుకునే ముందు కుంపటి మీద బూడిద కప్పడం, తెల్లవారి ఊదడం మానలేదు. ఒకనాడు వాన కొట్టి రేకుల సందుల్లోంచి నీళ్లు కారితే, తన కొంగు తడిసినా సరే అని వంగి నిప్పు మీద అడ్డం కూర్చుంది.

కడుతున్న కొద్దీ కొన్ని వింతలు కనిపించాయి. రెండు గట్ల మధ్య ఛాతీ ఎత్తు గోడ లేచింది. "ఇదెందుకు భాయ్?" అని మేస్త్రీని అడిగితే, అతను తాపీ ఆపి బాలనర్సింహ వైపు చూశాడు. బాలనర్సింహే జవాబిచ్చాడు. "కూర వాసన పాలకు తగలకుంట వదినె." సరే, నిజమే. ద్రాక్షగుత్తుల గట్టు పక్కన కొత్త తలుపు పెట్టి బాలనర్సింహ గదిలోకి తీశారు. "కీర్తికి పొద్దుగాల బడికి లేటైతది గద, గట్లనే అచ్చి చాయ్ తాగి పోతది." అదీ నిజమే. రెండో సింకు వచ్చింది. రెండో గ్యాసు బండ వచ్చింది. అన్నింటికీ జవాబు సిద్ధంగా ఉండేది. నమ్మినవాళ్లకు జవాబులు చెప్పడం ఎంత సులువో మోసం చేసేవాళ్లను అడగండి.

అబ్బ, పని అయ్యాక మాత్రం వంటిల్లు చూడాల్సిందే. పసుపు కూజాల టైల్స్ మీద వెలుగు పడితే గోడే నవ్వినట్టుంది. నల్లరాయి గట్టులో ముఖం కనబడింది. నాగమణమ్మ ఒక్కతే ఉన్నప్పుడు పోయి, చెంప ఆ రాతికి ఆనించి చూసుకుంది. ఇల్లలకగానే పండగ కాదంటారు. ఆ సామెత ఆమెకూ తెలుసు, గుర్తు రాలేదంతే.

పాలు పొంగించే రోజు వచ్చింది. నాగమణమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుంది, తల్లో బంతిపూలు పెట్టుకుంది. కులపెద్ద బుచ్చయ్య వచ్చాడు, కర్ర మూలన పెట్టి పీట మీద కూర్చున్నాడు. ఇల్లు బాగుచేస్తే కులపెద్ద ఎందుకు అనిపించింది ఆమెకు. పెద్దమనిషి ఆశీర్వాదం మంచిదేలే అనుకుంది.

అంతలో గల్లీలో ఆటో ఆగింది. కీర్తిప్రియ తల్లి లీలమ్మ దిగింది. ఆమె వెనక స్టీలు బిందె, అన్నం వండే ఇత్తడి గుండి, కొత్త గిన్నెల జత, బియ్యం మూట, ఉప్పు పొట్లం, పసుపు కుంకుమలు. అన్నీ కొత్తవి.

"ఎందుకమ్మా గింత తక్లీఫ్! రండి రండి," అని నాగమణమ్మ ఎదురెళ్లి గుండి అందుకుంది. తీసుకొచ్చి తన పసుపు కూజాల గట్టు మీద పెట్టింది.

లీలమ్మ నవ్వుతూనే ఆ గుండి తీసింది. "గవి ఇటు పెట్టాలె వదినా. మా బిడ్డ పొయ్యి కాడికి. వేరింటి సారె ఇది, మీ గట్టు మీద పెడితే ఎట్ల?"

కీర్తిప్రియ తల్లి చెయ్యి పట్టుకుని గుంజింది, కానీ మాట అప్పటికే బయటపడింది.

"వేరింటి సారె?" అంది నాగమణమ్మ. "ఎవరి వేరిల్లు?"

ఆమె గోడ చూసింది. ఆ తలుపు చూసింది. సింకు చూసింది, గ్యాసు బండ చూసింది, ద్రాక్షగుత్తులు చూసింది. ఇన్నాళ్లూ ఆమె కళ్ల ముందే ఇటుక ఇటుకగా వేరుపడ్డారు. ఆ ఇటుకలు మోసేవాళ్లకు చాయ్ పెట్టింది తానే!

"చిన్నా, నన్ను జూసి చెప్పు."

బాలనర్సింహ ఆమెను చూడలేదు, బుచ్చయ్యను చూశాడు. బుచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏముందమ్మా, అన్నదమ్ములు పెద్దగయిన్రు, ఎవరి సంసారం వాళ్లది. పెద్ద కోడలివి, నీ చేతుల్తోని పొయ్యి తీసినవు, పాలు జల్లినవు, మొదటి పెళ్ల నువ్వే ఎత్తినవు. ఇగ అడ్డమేమున్నది? ధర్మంగనే అయింది."

ధర్మంగానే! పాదాలు పట్టుకుని మొక్కింది అందుకా? నీ చెయ్యి పడాలి వదినె అన్నది అందుకా? కళ్లు ఎర్రబడ్డాయన్నది, టైల్స్ ఏరుకోమన్నది, చీర కొన్నది, అన్నీ ఆమె చేత ఒక్క మట్టిపెళ్ల ఎత్తించడానికా? నమ్మించి గొంతు కోయడమంటే విన్నది గానీ, కోసేముందు గొంతుకు గంధం రాస్తారని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

గుండయ్య వైపు తిరిగింది. ఆయన కొత్త టైల్స్ మీది కూజాలను చూస్తూ నిలబడ్డాడు.

"నీకెరుకనా?"

"ఏం జెయ్యమంటవే," అన్నాడు గుండయ్య నేల చూస్తూ. "వాడు పోయినేడే అడిగిండు. నీకు చెప్తే లొల్లి చేస్తవు, ఒప్పుకోవు. రోజు ఇంట్ల పంచాదెందుకని..."

"పోయినేడు." ఆమె ఆ మాటను నోట్లోనే తిప్పుకుంది. "ఏడాది సంది నా చేతి బువ్వ తిన్నరు ముగ్గురు గలిసి. ఒక్కరన్న ముద్ద మింగనీకి కష్టపడలే."

కీర్తిప్రియ ఏడుపు గొంతుతో, "అక్కా, మీ మీద కోపం కాదు. నాకు పాల పని చేత కాదక్కా. కోడి కూయకముందే లేవాలె, ఇల్లంత పులుపు వాసన. నాకు నా వంటిల్లు కావాల్ననిపించింది. గంతే," అంది.

నిజం చెప్పాలంటే, ఆ పిల్ల మాటలో తప్పేమీ లేదు. నాగమణమ్మకూ అది తెలిసింది. అందుకే ఇంకా మండింది. "గిదే మాట నాతోని అంటే ఏమయ్యేది బిడ్డా? కొడ్తుంటినా? ఏడుస్తుంటి. ఒకనాడు ఏడుస్తుంటి, రెండోనాడు నేనే నిప్పు తీసి నీ పొయ్యిల పెడ్తుంటి. అడగనీకి నోరు రాలే, మోసం జెయ్యనీకి ఎట్లొచ్చింది?"

"వదినె, అయిందేదో అయింది," అని బాలనర్సింహ ముందుకొచ్చాడు. అప్పుడు కూడా గొంతులో ఆ పాత గారమే. "దూరం పోతున్నమా? గోడ అవతలనే ఉంటం. నువ్వే మా పొయ్యి అంటియ్యాలె. అమ్మ నిప్పు నీ కాడ కుంపట్ల ఉన్నది గద. జర ఇటు గొన్ని, అటు గొన్ని పెడితే..."

బుచ్చయ్య పీట మీద కదిలాడు. "ఏంది? నిప్పు ఉన్నదా? ఆర్పలేదా?"

ఈ ముసలాయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నిప్పు కుంపట్లోకి ఎత్తారంటే అది వేరుపడటానికి తీసిన పొయ్యి కాదు, బాగుచేయడానికి తీసింది. నిప్పు బతికి ఉన్నంతవరకు ఆ ఇంటి పొయ్యి ఒక్కటే. బాలనర్సింహకు కట్టుబాటు సగమే తెలుసు. పెళ్ల తీస్తే చాలనుకున్నాడు. ఆడవాళ్లు కుంపట్లో నిప్పు ఎందుకు దాస్తారో మగవాడు ఎన్నడు అడిగాడు గనక!

"అట్లయితే కాలేదు," అన్నాడు బుచ్చయ్య కర్ర అందుకుంటూ. "ఆమె ఒప్పుకుంటెనే. లేకుంటే నేను ఈడ మంచినీళ్లు గూడ ముట్ట. ఏమంటవ్ నాగమణీ?"

అందరూ ఆమె వైపు తిరిగారు. లీలమ్మ చేతిలో గుండి అలాగే ఉంది. ఒక్క "ఊహూఁ" అంటే చాలు. సారె వెనక్కి పోతుంది, గోడ పడగొట్టాలి, అత్తకు ఇచ్చిన మాట నిలబడుతుంది. గల్లీలో మళ్లీ నడుం మీద చెయ్యి వేసుకుని తిరగొచ్చు.

నాగమణమ్మ పెరట్లోకి వెళ్లింది. కుంపటి ఎత్తుకొచ్చింది. దాన్ని వంటింటి మధ్యలో, సరిగ్గా గోడ మొదట్లో పెట్టి బూడిద తీసింది. లోపల నిప్పు ఎర్రగా ఉంది. గుండయ్య ఊపిరి పీల్చుకున్నాడు. బాలనర్సింహ కళ్లలో ఆశ మెరిసింది.

"ఈ నిప్పు కోసం నేను వానల తడిసిన," అంది ఆమె. "మా అత్త నాకు అప్పజెప్పింది, పానమోలె జూసిన. పొయ్యి ఒక్కటుంటే ఇల్లు ఒక్కటనుకున్న. ఇల్లు పోయినేడే రెండయిందంట, నాకు ఎరుక లేదు. ఉత్త నిప్పు కాడ కావలున్న."

పొంగించడానికి తెచ్చిన పాల గిన్నె గట్టు మీద ఉంది. ఆమె దాన్ని రెండు చేతులా అందుకుంది.

"వదినె!" అని బాలనర్సింహ అరిచాడు.

పాలన్నీ కుంపట్లో పోసింది. నిప్పు బుస్సుమంది. ఆవిరి లేచి, బూడిద ఎగిరి, మాడిన పాల వాసన కొత్త సున్నం వాసనను మింగేసింది. తెల్ల టైల్స్ మీద బూడిద చుక్కలు పడ్డాయి. లీలమ్మ "అయ్యో అయ్యో, అశుభం" అని చెంపలు వాయించుకుంది. పాలమ్ముకునే ఇంట్లో నిప్పు మీద పాలు పోస్తారా ఎవరైనా? ఎవరూ పోయరు. ఆమె పోసింది.

"రాయించుకో పెద్దమనిషీ," అంది బుచ్చయ్యతో. "ఇప్పుడు ఆర్పిన. ఆనాడు పెళ్ల తీసింది నేను గాదు, నా చెయ్యి పట్కొని వీళ్లు. ఇది నా చెయ్యి." తర్వాత కీర్తిప్రియ వైపు తిరిగి, "నీ పొయ్యి అంటిచ్చుకో బిడ్డా, సల్లగుండు. అగ్గిపెట్టె కోమటి దుకాణంల దొరుకుతది," అంది.

బుచ్చయ్య తల ఊపాడు. ఏం తినకుండా, ఏం తాగకుండా, కర్ర పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాగమణమ్మ ఏడ్చింది. గుండయ్య పక్కన కూర్చుని ఏదో చెప్పబోతే, "నీకు అన్నం పెడ్త. మాటలు అడగకు," అంది. తెల్లవారి లేచి, ఆకుపచ్చ చీర మడిచి, గోడ మీద పెట్టింది. అటువైపు నుంచి ఎవరు తీసుకున్నారో చూడలేదు. బూడిద మరకలు గుడ్డతో తుడిచింది. దుకాణదారు చెప్పినట్టే సాఫ్ అయ్యాయి. ఆ తర్వాత అగ్గిపుల్ల గీసి, భయపడుతూ భయపడుతూ, గ్యాసు పొయ్యి వెలిగించింది. బియ్యం కొలుస్తూ ఆగింది. చెయ్యి అలవాటు కొద్దీ నలుగురి లెక్కన నాలుగోసారి బియ్యం డబ్బాలోకి పోయింది. సగం తిరిగి డబ్బాలో పోసింది.

మధ్యాహ్నం ఆమె వంచిన అన్నం మూత తీస్తుండగా గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. బాలనర్సింహ దుకాణం నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ల అలవాటు. కాళ్లు కడుక్కుని, తిన్నగా పసుపు కూజాల వైపు వచ్చి, పీట వాల్చుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక గాని గుర్తు రానట్టుంది. అయినా లేవలేదు. చిన్నప్పుడు తప్పు చేసి వచ్చి కూర్చున్నట్టే తల వంచుకుని, "ఏమొండినవ్ వదినె?" అన్నాడు.

ఆమె చేతిలో కంచం ఉంది. ఒక్క క్షణం ఆ చెయ్యి ముందుకు పోయింది కూడా. మళ్లీ వెనక్కి తీసుకుంది.

"మీ ఇల్లు గోడ అవతల," అంది, "బాలనర్సింహా."

ఆ పేరు ఆమె నోట వాడెన్నడూ వినలేదు. లేచి, పీట ఎత్తి గోడకు ఆనించి పెట్టి, గల్లీ చుట్టూ తిరిగి తన గది వీధి తలుపు గుండా లోపలికి వెళ్లాడు.